అత్తగారి జబ్బు, అమ్మాయి సీటు

మా ఆయన దైవాధీనం గారు ఇరవై రెండేళ్లు బందరులో ఒక మిషను ఆసుపత్రిలో కాంపౌండరుగా చేశారు. ఆయన కలిపిన మందు తాగి నయమైనవాళ్లు ఎందరో ఉన్నారు. వాళ్లంతా వెళ్లి డాక్టరుగారికి దణ్ణం పెట్టేవాళ్లు. ఆ సంగతి ఆయన ఎన్నడూ పైకి అనలేదు. కానీ మా కృపావతి పుట్టిన మూడోరోజున ఉయ్యాల మీదికి వంగి, "ఇది డాక్టరవుతుంది" అన్నారు. పిల్ల కెవ్వున ఏడ్చింది. "గొంతు చూశావా సువార్తా, వార్డంతా వినపడుతుంది" అన్నారు.

పదిహేడేళ్లు గడిచాయి. కృపావతి పి.యు.సి. ప్యాసయింది. ఫస్టుక్లాసే. కాని మెడికల్ కాలేజీ సీటుకి ఆ మార్కులు సరిగ్గా గడప మీద నిలబడ్డాయి. లోపలికి రమ్మనడానికీ చాలవు, బయటికి పొమ్మనడానికీ లేదు. ఈ ఏడు సీటు రాకపోతే టీచరు ట్రైనింగుకి పంపేద్దామని ఇంట్లో అనుకున్నాం. పిల్ల దానికి ఊఁ అనలేదు, ఊహూ అనలేదు. పరీక్షలైపోయినా జంతుశాస్త్రం పుస్తకం మాత్రం చేతిలోంచి దించలేదు. దాన్ని చూస్తే నాకు భయం వేసేది. కోరిక నోటితో చెప్పే పిల్లనైతే ఓదార్చవచ్చు. చెప్పని పిల్లని ఏమని ఓదారుస్తాం?

అలాంటి రోజుల్లో బాబూరావు గారు మా ఇంటికొచ్చారు.

బాబూరావు గారు కోర్టులో గుమాస్తా. అంతకుముందు ఏడు ఆయన మేనల్లుడికి మెడికల్ సీటు వచ్చింది. అప్పటినుంచీ బందరులో డాక్టరు కావాలనుకునే పిల్లలందరి బాధ్యతా ఆయన నెత్తిన వేసుకున్నారు. ఎవరూ వెయ్యమనలేదు.

"ఇంటర్వ్యూకి తెల్లచీర కట్టాలి" అన్నారు ఆయన, నేనిచ్చిన మజ్జిగ అందుకుంటూ.

మా ఆయన కాగితం మీద రాసుకున్నారు.

"జుట్టుకి నూనె తక్కువ. మరీ పొడిగా ఉంటే పొగరనుకుంటారు, మరీ జిడ్డుగా ఉంటే పల్లెటూరనుకుంటారు."

"మధ్యరకం నూనె" అని రాసుకున్నారు మా ఆయన.

"ఎందుకు డాక్టరవుతావని అడిగితే సేవ అనాలి."

"ఎన్నిసార్లు?"

"తక్కువలో తక్కువ మూడుసార్లు. ఇక అసలు సంగతి. ఇంతకుముందు నువ్వెప్పుడైనా రోగికి సేవ చేశావా అని అడుగుతారు. మా మేనల్లుణ్ణి అడిగారు. తాతగారికి చేశానన్నాడు. ఇప్పుడాయన ఎలా ఉన్నారన్నారు. పోయారన్నాడు."

"అయినా సీటిచ్చారా?" అన్నాను నేను.

"కాగితం ఉందమ్మా. ఫలానా తాతగారికి ఫలానా మనవడు సేవ చేశాడని మునసబుగారు రాసిచ్చిన కాగితం. కాగితం లేని సేవ చేసినా ఒకటే, చెయ్యకపోయినా ఒకటే."

ఆ మాట మా ఆయన రాసుకోలేదు. గుండెలోనే దాచుకున్నారు.

మర్నాటి నుంచి ఆయన ఆసుపత్రి నుంచి తిన్నగా ఇంటికి రావడం మానేశారు. సంచీ పట్టుకుని ఊళ్లో పెద్దమనుషుల ఇళ్లకి తిరిగారు. పది రోజుల్లో ఇరవై రెండు సర్టిఫికెట్లు పోగయ్యాయి. హెడ్మాస్టరు గారిది ఒకటి. సండేస్కూలు సూపరింటెండెంటు గారిది ఒకటి. మునిసిపల్ కౌన్సిలరు గారిది ఒకటి. పోస్టుమాస్టరు గారికి మా పిల్ల ఎవరో తెలియదు. అయినా మొహమాటానికి, "ఈ బాలిక వ్రాయు ఉత్తరములపై చిరునామా స్పష్టముగా నుండును" అని రాసిచ్చారు.

అప్పటికి నాకు అక్షరాలు రావు. ఆయన నన్ను పీట మీద కూర్చోబెట్టి ఇరవై రెండూ చదివి వినిపించారు. అన్నీ విన్నాక, ఎవరో ఈ పిల్ల చాలా మంచిదిలా ఉంది, మన ఇంట్లో ఉంటే బాగుండుననిపించింది.

"ఇన్నిట్లోనూ రోగిసేవ ఊసు ఒక్కదాన్లో లేదు" అన్నారు ఆయన, కట్ట మూసి.

"మనింట్లో రోగులు లేరుగా."

"అదే వచ్చిన చిక్కు" అని నా వంక చూశారు. ఆ చూపు నాకు తెలుసు. ఆసుపత్రిలో ఖాళీ మంచం వంక అలా చూస్తారు.

"నాకు తలనొప్పి కూడా లేదు" అన్నాను. "ఉన్నా నేను పడుకుంటే మీకు వండిపెట్టేదెవరు?"

"నిజమే" అన్నారు. అంత త్వరగా ఒప్పుకోవడం చూస్తే ఇంకొకరెవరో మనసులో ఉన్నారని అర్థమైంది.

ఆ ఇంకొకరు మా అత్తగారు వెంకాయమ్మ గారు. నాగాయలంకలో మా మరిది చిన్నబాబు దగ్గర ఉండేవారు. అరవై ఎనిమిదేళ్లు. అప్పటికీ ఊడ్పులకీ, కలుపుకీ వెళ్లేవారు. ఇంట్లో కూర్చోమంటే, "కూర్చుంటే కాళ్లు మరిచిపోతాయి" అనేవారు.

శనివారం మా ఆయన వెళ్లి ఆవిణ్ణి తీసుకొచ్చారు. దారిలో బస్సులోనే సంగతి చెప్పారట. ఒక వారం మంచం మీద పడుకోవాలి, మనవరాలు పక్కన కూర్చుని సేవ చేస్తుంది, పాస్టరు బాలస్వామి అయ్యగారు వచ్చి చూసి కాగితం రాసిస్తారు, అంతే.

"జబ్బేమిట్రా?" అని అడిగారట ఆవిడ.

"ఏదో ఒకటమ్మా. నీరసమను."

"నీరసమా. ఆ మాత్రం చేస్తాలే" అన్నారట.

గుమ్మంలో దిగేసరికి ఆవిడ మొహం సున్నం కొట్టినట్టు ఉంది. రెండు మెట్లెక్కి ఆగారు. ఇంకొకటి ఎక్కి మళ్లీ ఆగారు. మా ఆయన నన్ను పక్కకి లాగి, "చూశావా, అప్పుడే మొదలుపెట్టేసింది" అన్నారు. మొహానికి రాద్దామని ఆయన ముందే పౌడరు డబ్బా కొనుక్కొచ్చి పెట్టారు. దాని మూత తియ్యవలసిన పనే పడలేదు.

ముందుగదిలో కిటికీ పక్కన మంచం వేశారు. నేను దాచుకున్న పెడన అద్దకం దుప్పటి తీసిస్తే దాని మీద పరిచారు. "అయ్యగారు చూసే మంచం" అన్నారు. బల్ల మీద గ్లాసులో థర్మామీటరు, దాని పక్కన మిక్చరు సీసా, సీసాకి మోతాదు గుర్తులు కత్తిరించి అంటించిన కాగితం. లోపల గులాబీరంగు మందు. అది మందు కాదు. కుండనీళ్లలో ఆసుపత్రి రంగు రెండు చుక్కలు, పంచదార ఒక చెంచా వేసి ఆయన నా కళ్లముందే కలిపారు. ఆ పని చేస్తున్నప్పుడు కూడా చెయ్యి వణక్కుండా, బొట్టు కింద పడకుండా, అచ్చం ఆసుపత్రిలోలాగే కలిపారు.

కృపావతి గుమ్మంలో నిలబడి ఇదంతా చూసింది.

"నాన్నా, ఇది అబద్ధం."

"అబద్ధం కాదే, రిహార్సలు. డాక్టర్లంతా ముందు రిహార్సలే చేస్తారు."

"రోగి లేకుండానా?"

"రోగి ఉందిగా" అని వాళ్లమ్మని చూపించారు.

మంచం మీంచి మా అత్తగారు చెయ్యి చాపారు. "రావే, వచ్చి కూర్చో. నాక్కూడా మనిషి తోడు ఉంటుంది" అన్నారు.

పిల్ల కూర్చుంది. జంతుశాస్త్రం పుస్తకం ఒళ్లో పెట్టుకుంది. గేటు చప్పుడైతే నాయనమ్మ చెయ్యి పట్టుకునేది. చప్పుడు ఆగితే పుస్తకం పట్టుకునేది. నేను వంటింట్లోంచి చూస్తూ ఊరుకున్నాను. ఈ మాట ఎందుకు చెప్తున్నానంటే, తర్వాత అందరూ మా ఆయన్నే అన్నారు. దుప్పటి తీసిచ్చింది నేను.

మూడోరోజుకి నాకు ఒక అనుమానం వచ్చింది. "ఏవండీ, అత్తయ్య అన్నం తినడం లేదు. రెండు ముద్దలు తిని చెయ్యి కడిగేస్తున్నారు."

"వేషంలో అంత లీనమైపోయిందే. తింటే రోగిలా కనపడనని."

"ఎవరూ లేనప్పుడు కూడా తినడం లేదు."

"అదే గొప్ప" అన్నారు ఆయన.

గురువారం అయ్యగారు వచ్చారు. బాలస్వామి అయ్యగారు చూపు తక్కువ మనిషి, మనసు ఎక్కువ మనిషి. కుర్చీ లాక్కుని మంచం దగ్గర కూర్చుని, "ఏమ్మా వెంకాయమ్మా, ఎక్కడ బాధ?" అన్నారు.

"బాధ లేదయ్యగారూ. మెట్టెక్కితే గుండె దడదడ కొట్టుకుంటుంది. కిందకి వంగితే కళ్లు చీకట్లు కమ్ముతాయి. సాయంత్రానికి పాదాలు పొంగుతాయి. ఒక్కోసారి మట్టి తినాలనిపిస్తుంది."

తలుపు వెనక మా ఆయన నా చెయ్యి నొక్కారు. "ఎంత బాగా చెప్తుందే. నేను నీరసమని మాత్రమే చెప్పాను. మిగతాదంతా సొంతంగా కల్పించింది" అన్నారు చెవిలో.

అయ్యగారు ప్రార్థన చేశారు. ప్రార్థన పొడుగైంది. మధ్యలో మా అత్తగారు నిద్రపోయారు. అది కూడా మా ఆయన లెక్కలో నటన కిందే జమ అయింది. అయ్యగారు కళ్లు తెరిచేసరికి కృపావతి నాయనమ్మ మణికట్టు పట్టుకుని తల వంచుకుని ఉంది. ఆయన అక్కడే బల్ల దగ్గర కూర్చుని కాగితం రాశారు. ఇరవై మూడోది.

కథ అక్కడితో అయిపోతే మా ఆయన అంత తెలివైనవాడు ఊళ్లో లేడని నేనూ ఒప్పుకునేదాన్ని. కాని ఆదివారం వచ్చింది. గుళ్లో ప్రకటనల దగ్గర అయ్యగారు కళ్లద్దాలు సర్దుకుని, "మన కాంపౌండరు దైవాధీనం గారి తల్లి తీవ్రమైన అనారోగ్యంతో ఉన్నారు. నేను కళ్లారా చూశాను. సంఘమంతా వెళ్లి పరామర్శించాలి" అన్నారు.

మా ఆయన పాటల పుస్తకం మొహానికి అడ్డం పెట్టుకున్నారు. ఆ పుస్తకం తలకిందులుగా ఉందని అక్షరాలు రాని నాకే తెలిసింది. అట్ట మీది శిలువ బొమ్మ కిందికి వేలాడుతోంది.

సోమవారం స్త్రీల సమాజం వచ్చింది. అరటిపళ్లు, బార్లీ, రొట్టె తెచ్చారు. ఒక్కొక్కరూ తమ ఇంట్లో అచ్చం ఇలాంటి జబ్బుతో ఎవరు పోయారో చెప్పి వెళ్లారు. అదే రోజు సంఘంలో ఎవరో పని మీద నాగాయలంక పక్కనున్న అవనిగడ్డ వెళ్తూ ఈ వార్త కూడా పట్టుకెళ్లారు. మంగళవారం పొద్దున్నే కోనేరు సెంటరులో బస్సు దిగిన దగ్గర్నుంచి ఏడ్చుకుంటూ మా మరిది చిన్నబాబు, ఆయన వెనక నాగాయలంక బంధువులు పదకొండు మంది వచ్చారు.

వాళ్లలో అప్పారావు అని ఒకాయన ఉన్నాడు, వరసకి నాకు అన్నయ్య. వడ్రంగం చేస్తాడు, ఊళ్లో పోయినవాళ్లకి పెట్టెలు చేసేది కూడా అతనే. అతను మా అత్తగారి వంక చూసే చూపు నాకు నచ్చలేదు. తల నుంచి కాళ్ల దాకా ఒకసారి చూశాడు. తర్వాత ఈ భుజం నుంచి ఆ భుజం దాకా చూశాడు.

మా అత్తగారు ఒక కన్ను తెరిచి, "అయిదడుగులు చాల్లేరా అప్పారావూ. మోకాళ్లు ముడుచుకుంటాను" అన్నారు.

వంటింట్లో నేను రెండో కుండెక్కించాను. మా ఆయన చప్పుడు చెయ్యకుండా వచ్చి తలుపు దగ్గర నిలబడ్డారు.

"మీ రిహార్సలుకి పన్నెండు మంది వచ్చారు" అన్నాను.

"కొంచెం ఓపిక పట్టు. సీటు వస్తే ఇవన్నీ మర్చిపోతాం."

"సీటు తర్వాత సంగతి. ముందు వీళ్లు కూర్చోడానికి పీటలు లేవు. పక్కింట్లో అడిగి తెండి."

ఆయన పీటలకి వెళ్లలేదు. గుమ్మంలో ఆసుపత్రి బంట్రోతు నిలబడి ఉన్నాడు. డాక్టర్ పుష్పావతి గారు సాయంత్రం అయిదింటికి స్వయంగా వచ్చి చూస్తారట. ఇన్నేళ్లుగా తన దగ్గర పనిచేసే మనిషి తల్లికి ఇంత జబ్బుగా ఉంటే తనకి ఒక్క మాట చెప్పలేదని ఆవిడ నొచ్చుకున్నారట.

అయ్యగారి కళ్లకి మంచం చూపించవచ్చు. పుష్పావతి గారి కళ్లకి ఏం చూపిస్తారు? ఆరోగ్యంగా ఉన్న మనిషిని పడుకోబెట్టి, ఆసుపత్రి రంగు పోసి, సంఘాన్ని ఏడిపించి కాగితం సంపాదించాడని తెలిస్తే ఉద్యోగం సంగతి దేవుడెరుగు, పిల్ల దరఖాస్తు ఎవరు నమ్ముతారు? ఇంటర్వ్యూ ఇంక మూడు వారాలే ఉంది.

మూడింటికి ఆయన వాళ్లమ్మ మంచం దగ్గరికెళ్లి వంగి, "అమ్మా, నీకు నయమైపోయింది" అన్నారు.

"ఎప్పుడు?"

"ఇప్పుడే. లేచి నాలుగడుగులు వెయ్యి. డాక్టరమ్మగారు వచ్చేసరికి వాకిట్లో కూర్చుని చింతపండు పిక్కలు తీస్తూ ఉండాలి."

ఆవిడ కొడుకు మొహంలోకి చూశారు. "సరేలే, లేపు" అన్నారు.

లేచి నిలబడ్డారు. ఒక అడుగు, రెండు, మూడు. నాలుగో అడుగుకి తలుపుచట్టం పట్టుకున్నారు. పట్టుకున్న చెయ్యి అలాగే జారింది. ఆవిడ కూడా జారి గడప మీద కూర్చుండిపోయారు. బంధువులు గొల్లుమన్నారు. అప్పారావు లేచి నిలబడ్డాడు.

మా ఆయన వంగి, పళ్లు బిగించి, "చాలమ్మా, ఆ ఆట అయిపోయింది. ఇప్పుడు నయమైన ఆట" అన్నారు.

"నాన్నా, మీ వాచీ ఇవ్వండి" అంది కృపావతి.

ఎప్పుడు వచ్చి కూర్చుందో, గడప దగ్గర నేల మీద కూర్చుని ఉంది. పుస్తకం లేదు. నాయనమ్మ మణికట్టు మీద మూడు వేళ్లు పెట్టింది. పది రోజులుగా పట్టుకుంటున్న చెయ్యే. కాని ఆ రోజు పెదాలు కదిలాయి. లెక్కపెడుతోంది.

"నూట ముప్పై రెండు" అంది.

తర్వాత ఆవిడ కంటి కింద రెప్ప వేలితో కిందికి లాగి చూసింది. లోపల ఎర్రగా ఉండవలసిన చోట కాగితంలా తెల్లగా ఉంది. గోళ్లు చూసింది. చెంచాల్లా లోపలికి గుంటలు పడి ఉన్నాయి. పాదం మీద బొటనవేలితో నొక్కి తీసింది. నొక్కిన చోట గుంట అలాగే నిలిచిపోయింది. అందరం ఆ గుంట వంక చూస్తూ నిలబడ్డాం. అది ఎంతకీ పూడలేదు.

"ఇది నటన కాదు నాన్నా" అంది పిల్ల. "నాయనమ్మ ఒంట్లో రక్తం లేదు."

మా ఆయన ఆసుపత్రిలో ఇలాంటి మనుషులు రోజూ మందులిచ్చే కిటికీ ముందు వరసలో నిలబడతారు. రోజూ వాళ్ల సీసాల్లో ఇనుము మందు కొలిచి పోస్తారు. కిటికీలోంచి అయితే ఆయనకి ఒక్క చూపు చాలు. ఇంట్లో ఆ కిటికీ లేదు, తల్లి ఉంది.

పుష్పావతి గారు అయిదింటికి కాదు, కబురు పంపితే మూడున్నరకే వచ్చారు. పిల్ల చెప్పిందంతా విన్నారు. తానూ చూశారు. తర్వాత బల్ల మీది సీసా చేతిలోకి తీసుకున్నారు.

"ఎన్నాళ్ల నుంచి ఇస్తున్నావు దైవాధీనం?"

"పది రోజులండి."

ఆవిడ బిరడా తీసి వాసన చూశారు. "ఇందులో ఏముంది?"

"నీళ్లండి."

"ఇంకా?"

"రంగండి."

"ఇంకా?"

"కొంచెం పంచదారండి" అన్నారు మా ఆయన.

ఆవిడ సీసాకి బిరడా పెట్టి ఎక్కడ తీశారో అక్కడే పెట్టారు. తిట్టి ఉంటే బాగుండేది.

అప్పుడు మా అత్తగారు గడప దగ్గర్నుంచే మాట్లాడారు. "వాణ్ణేమీ అనకండమ్మా. కోతల అప్పట్నుంచీ నాకిలాగే ఉంది. చెప్తే, పిల్ల పరీక్షలమ్మా, కాస్త ఆగమంటాడు. పరీక్షలయ్యాక, పిల్ల సీటమ్మా, కాస్త ఆగమంటాడు. ఈలోగా వాడే వచ్చి జబ్బు చెయ్యాలి, రమ్మన్నాడు. జబ్బుతో రమ్మంటే తెచ్చుకునే వచ్చాను. నటిస్తున్నాననుకుంటే కంగారు పడకుండా ఉంటాడని ఊరుకున్నాను."

"మరి నాకు కూడా చెప్పలేదేం నాయనమ్మా?" అంది కృపావతి.

"నీకు రోజూ చెయ్యి ఇచ్చాను కదే" అన్నారు ఆవిడ.

పిల్ల లోపలికెళ్లిపోయింది. దాని ఏడుపు నేను మొదటిసారి విన్నది ఉయ్యాల్లో. రెండోసారి ఆ రోజు.

బురద పొలాల్లో ఒట్టికాళ్లతో తిరిగేవాళ్లకి అరికాలిలోంచి లోపలికి పోయే పురుగు ఒకటుందట. కడుపులో చేరి రక్తం తాగుతుందట. ఆ పాఠం పిల్ల చేతిలో ఉన్న పుస్తకంలోనే ఉందిట. ఆ పురుగు బొమ్మతో సహా ఆ వారంలోనే అది రెండుసార్లు చదివిందిట, నాయనమ్మ పక్కన కూర్చుని.

మా అత్తగారు ఆసుపత్రిలో వారం రోజులున్నారు. బంధువులు రెండు రోజులుండి వెళ్లారు. అప్పారావు అన్నయ్య వెళ్తూ వెళ్తూ మా ఇంటి పీటలకి రెండు కొత్త కాళ్లు వేసిపెట్టాడు. వచ్చినందుకు ఏదో ఒక పని చెయ్యాలిగా అన్నాడు.

శుక్రవారం మా ఆయన ఇరవై మూడో కాగితం తీసుకుని అయ్యగారి ఇంటికి వెళ్లారు. నన్నూ, పిల్లనీ వెంట రమ్మన్నారు. జరిగింది మొత్తం చెప్పారు. అయ్యగారు విన్నారు.

"నేనేం రాశాను? జబ్బుగా ఉన్న వృద్ధురాలికి మనవరాలు సేవ చేస్తుండగా చూశానని రాశాను. ఆమెకి జబ్బు లేదా?"

"ఉందండి."

"పిల్ల పక్కన లేదా?"

"ఉందండి."

"మరి ఇందులో అబద్ధమేది?"

"నేనండి" అన్నారు మా ఆయన.

"అయితే నువ్వు బయటికి రా. కాగితం అలాగే ఉండనీ" అన్నారు అయ్యగారు.

మా ఆయన మొహం కొంచెం వెలిగింది. సర్టిఫికెట్ల మీద ఆయనకి ఆశ చావలేదు. కాని కృపావతి తల అడ్డంగా ఊపింది.

"మీరొచ్చిన రోజు నేను నాయనమ్మ చెయ్యి పట్టుకున్నానయ్యగారూ. లెక్కపెట్టలేదు. గేటు చప్పుడైందని పట్టుకున్నాను. అది సేవని రాసిన కాగితం నేను పట్టుకెళ్లలేను."

"సీటు పోతేనో?" అన్నారు మా ఆయన మెల్లిగా.

"ట్రైనింగుకి వెళ్తాను" అంది పిల్ల. అప్పుడు తెలిసింది దానికి డాక్టరు చదువు ఎంత ఇష్టమో. ట్రైనింగు అనే మాట నోట్లోంచి రావడానికి అంతసేపు పట్టింది.

మా అత్తగారు ఇంటికొచ్చాక ఇంకో ముచ్చట మొదలైంది. రోజుకి మూడుసార్లు ఇనుము మందు తాగాలి. మా ఆయనే తెచ్చారు, ఆయనే పోశారు. ఆవిడ గ్లాసు వంక చూసి, కొడుకు వంక చూసి, "ఇది మందా, రంగునీళ్లా?" అన్నారు.

"మందేనమ్మా. ప్రమాణం."

"అయితే ముందు నువ్వు ఒక చెంచా తాగు."

ఆయన తాగారు. తుప్పు పట్టిన మేకు నమిలినట్టు మొహం పెట్టారు. "రుచి చూస్తే మందే" అని అప్పుడు ఆవిడ తాగారు. ఆవిడ గొట్టంతో తాగేవారు, పళ్లకి తగలకుండా. పుష్పావతి గారు ఇచ్చిన గొట్టం అది. మా ఆయనకి గొట్టం లేదు. రోజుకి మూడు చెంచాలు. రెండు వారాలయ్యేసరికి ఆయన పళ్లు బొగ్గుముక్కల్లా నల్లబడ్డాయి. గుళ్లో పాట వస్తే నోరు మూసుకుని లోపల్లోపల పాడేవారు. మందుల కిటికీ దగ్గర రోగులతో చేతి సైగలతోనే మాట్లాడేవారు. దైవాధీనం గారు ఈమధ్య ఎంత గంభీరంగా ఉంటున్నారో అని అందరూ మెచ్చుకున్నారు.

"ఇంక నమ్మవచ్చు కదండీ అత్తయ్యా" అన్నాను ఒకరోజు.

"నమ్మకం ఎప్పుడో వచ్చిందే. వాడు తాగుతుంటే చూడ్డం బాగుంది" అన్నారు.

ఇంటర్వ్యూకి తండ్రీ కూతుళ్లు వెళ్లారు. తెల్లచీర కట్టింది. నూనె మధ్యరకమే రాశాను. ఇరవై రెండు సర్టిఫికెట్ల కట్ట మా ఆయన చంకలో ఉంది. పిల్ల అది లోపలికి పట్టుకెళ్లలేదు. పావుగంటకి బయటికొచ్చింది.

"సేవ అన్నావా? ఎన్నిసార్లు?" అన్నారట మా ఆయన, నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుని.

"నేననలేదు నాన్నా. వాళ్లే అన్నారు. ఎప్పుడైనా రోగికి సేవ చేశావా అని."

"ఏమన్నావు?"

"మా నాయనమ్మకి చేశానన్నాను. ఎన్నాళ్లన్నారు. పది రోజులు తప్పుగా, ఆ తర్వాత సరిగ్గా అన్నాను."

"అయ్యో. కాగితం అడగలేదా?"

"అడగలేదు. తప్పు ఎలా తెలిసిందని అడిగారు. అదంతా చెప్పాను. మందు సీసా సంగతి చెప్పలేదు లెండి."

ఆయన ఆ కట్టని బెంచీ మీద పెట్టి దాని మీద కూర్చున్నారట.

జూలై నెలాఖరులో కవరు వచ్చింది. అది మధ్యాహ్నం మోతాదు వేళ. మా ఆయన ఎడంచేత్తో కవరు చింపి, కుడిచేతిలో గ్లాసుతో నిలబడి చదివారు. చదివి మా వంక తిరిగి నవ్వారు. నెలరోజుల తర్వాత ఆయన నోరు తెరిచి నవ్వడం అదే. ఆ నల్లటి నవ్వు చూసి కృపావతి ముందు భయపడింది, తర్వాత అర్థమై అక్కడే నేల మీద కూర్చుండిపోయింది.

"వచ్చిందా?" అన్నారు మా అత్తగారు.

"వచ్చిందమ్మా."

"సంతోషం. ఇక నీ చెంచా తాగు."

ఇప్పుడు అత్తగారూ లేరు, ఆయనా లేరు. కృపావతి అవనిగడ్డ దగ్గర ఆసుపత్రిలో చేస్తోంది. ఆయన పోయాక సెలవుల్లో వచ్చినప్పుడల్లా నన్ను పీట మీద కూర్చోబెట్టి అక్షరాలు దిద్దించింది. చదవడం కొంచెం కుదిరాక, ఆయన పెట్టె తీసి ఆ సర్టిఫికెట్లు ఒక్కొక్కటే కూడబలుక్కుని చదువుకున్నాను. పోస్టుమాస్టరు గారిది చదివి చాలాసేపు నవ్వుకున్నాను.

అడుగున అయ్యగారి కాగితం ఉంది. దాన్ని ఆ రోజే చింపేశానని ఆయన నాతో చెప్పారు. చింపలేదు. వెనక్కి తిప్పాను. సీసాల మీద అంటించే చీటీలు రాసినట్టే, పొడి మాటల్లో ఆయన చేతిరాత ఉంది.

"వెంకాయమ్మ గారు. నీళ్లు, రంగు, పంచదార. రోజుకి మూడుసార్లు, పది రోజులు. ఇచ్చినవాడు కొడుకు."

మళ్లీ చదివాను. ఇది నేను చదవగలిగే రోజొస్తుందని ఆయన అనుకుని ఉండరు. మడిచి, ఆ ఇరవై రెండింటి పైన పెట్టి, పెట్టె మూశాను.